ఇంగ్లండ్ పల్లె రోడ్ల మీద పాత బ్రిటిష్ బైకు: కొనొచ్చా, కొంటే ఏది?

మీరు అడిగింది టూకీగా ఇది. లీడ్స్‌లో ఉద్యోగం. చిన్నప్పుడు ఇంట్లో నాన్నగారి బుల్లెట్. ఇప్పుడు శని, ఆదివారాల్లో కారేసుకుని కొండలు, లోయలుండే యార్క్‌షైర్ డేల్స్ వైపు వెళ్తుంటే పాత బీఎస్ఏలు, ట్రయంఫ్‌లు ఎదురవుతున్నాయి, మనసు లాగుతోంది. అలాంటి బండి కొనొచ్చా, కొంటే ఏది కొనాలి, అసలు ఆ ఆనందం నిజమైనదేనా, లేక పాత జ్ఞాపకాల మోజేనా అని మీ సందేహం.

సూటిగా చెబుతాను. కొనండి. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి కొనండి. ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న బండే కొనండి. దాన్ని మోటార్‌వే, అంటే ఇక్కడి ఎక్స్‌ప్రెస్‌వే, ఎక్కించకండి. ఈ మూడూ పాటిస్తే ఆ ఆనందానికి ఢోకా లేదు. ఏ ఒక్కటి తప్పినా ఏడాది తిరక్కుండానే బండిని అమ్మకానికి పెడతారు. అలా పెట్టినవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది కోనసీమ. మిషన్ల మెయింటెనెన్స్ పని మీద ఇంగ్లండ్ వచ్చి, యార్క్‌షైర్‌లోనే ఉండిపోయాను. నా దగ్గర 1955 నాటి బీఎస్ఏ బీ31 ఉంది, అదీ 350 సింగిలే. అంతకుముందు ఒక మ్యాచ్‌లెస్ నడిపాను. ఈ బండ్ల మీద మనసుపడ్డ మనవాళ్లు కొందరికి బండి చూసిపెట్టాను, కొన్నాక బాగుచేసుకోవడంలో చెయ్యి కూడా వేశాను.

మొదట, 350 సింగిల్ అని ఎందుకంటున్నానో చెప్పాలి. మీరు చూస్తున్న ఆ పల్లె రోడ్లు ఎవరో కాగితం మీద గీత గీసి వేసినవి కావు. ఏటి ఒడ్డున, పొలాల అంచున, మందలు తోలుకెళ్లిన దారుల్లో పడ్డవి. డేల్స్‌లో సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన ఆ రాతి గోడలున్నాయి చూడండి, వాటిలో చాలావరకు 18, 19 శతాబ్దాల్లో ఉమ్మడి భూములు పంచుకుని హద్దులు వేసుకున్నప్పటివి. రోడ్డు ఆ గోడల మధ్యే వంకర్లు తిరుగుతూ పోతుంది. మలుపు అవతల గొర్రెలున్నాయో, ట్రాక్టరుందో దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. చట్టప్రకారం 60 మైళ్ల వేగంతో వెళ్లొచ్చు గాని, బుద్ధున్నవాడు 45 దాటే చోట్లు తక్కువే.

బీ31 సరిగ్గా ఆ వేగం కోసమే తయారైన బండి. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 71 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88. పిస్టన్ నడిచే దూరం ఎక్కువ, లోపల ఫ్లైవీళ్లు బరువు. హార్స్‌పవర్ 17 మాత్రమే, కానీ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బాగా లాగుతుంది. టాప్ గేర్లో 30 మైళ్లకి దిగిపోయినా, థ్రాటిల్ కొద్దిగా తెరిస్తే ఏ విసుగూ లేకుండా మళ్లీ అందుకుంటుంది. నాన్నగారి బుల్లెట్ కూడా ఇదే జాతి. దానిది 70 బోరు, 90 స్ట్రోకు. మీకు ఆ గుణం చెవులకి ముందే తెలుసు.

ఈ దేశంలో మొదటి మోటార్‌వే ముక్క ప్రెస్టన్ దగ్గర 1958 డిసెంబరులో తెరిచారు. ఎం1 వచ్చింది 1959 నవంబరులో. బీ31 తయారీ 1945లో మొదలై 1959లో ఆగింది. అంటే గంటకు 70 మైళ్ల వేగంతో గంటలకొద్దీ తోలే అవసరం ఎవరికీ లేని కాలంలో పుట్టి, ఆ కాలంతోనే తయారీ ముగించుకున్న బండి ఇది. దాని గరిష్ఠ వేగమే ఇంచుమించు 70. అలాంటిదాన్ని ఎం62 మోటార్‌వే మీద లారీల మధ్యకి తీసుకెళ్తే బండీ బాధపడుతుంది, మీరూ బాధపడతారు.

మాంచెస్టర్ వైపు ఉండే మనవాడొకరు నేను చెప్పినా వినకుండా ట్రయంఫ్ బోనెవిల్ కొన్నారు. మంచి బండే, అందులో సందేహం లేదు. ఎడ్వర్డ్ టర్నర్ స్పీడ్ ట్విన్‌తో 1937లో మొదలుపెట్టిన రెండు సిలిండర్ల వరస 1959లో బోనెవిల్ దాకా వచ్చింది, ఆ అందం ఇంకే బండికీ రాలేదు. కానీ ఆయన ఇంటి నుంచి మంచి రోడ్డు అందుకోవాలంటే ముందు ఊరి ట్రాఫిక్కు, తర్వాత మోటార్‌వే. రెండు కార్బొరేటర్లు, రెండిటినీ ఒకే తీరుగా సర్ది పెట్టుకోవాలి. 60 దాటితే చేతులు తిమ్మిరెక్కే వైబ్రేషన్. పైగా తళతళలాడేలా రీస్టోర్ చేసిన బండి కావడంతో వానలో తీయడానికి ప్రాణం ఒప్పేది కాదు. ఒక వేసవి గడిచేసరికి దాని మీద ఇష్టమే పోయింది. బోనెవిల్‌కి పెట్టే డబ్బులో దాదాపు సగానికే తిరుగుతున్న మంచి బీ31 వస్తుంది. మొదటి బండికి అది చాలు. ట్విన్ మీద కోరిక ఉంటే రెండో బండిగా కొనుక్కోవచ్చు.

బీ31 ఒక్కటే అని కాదు. మ్యాచ్‌లెస్ జీ3, దాని కవల ఏజేఎస్ 16, రెడిచ్‌లో తయారైన అసలు రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, ఇవన్నీ అదే తరహా. బీఎస్ఏ బాంటమ్ చిన్నది, 125 సీసీతో మొదలైంది, రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ డీకేడబ్ల్యూ నమూనా తీసుకుని చేసింది. ఒకప్పుడు పోస్టాఫీసు కుర్రాళ్లు ఎర్ర రంగు బాంటమ్‌ల మీదే టెలిగ్రాములు పంచేవారు. ముద్దుగా ఉంటుంది గాని డేల్స్ ఎత్తులకి మాత్రం ఆయాసపడుతుంది. విన్సెంట్, వెలోసెట్ గురించి ఇప్పుడు ఆలోచించకండి. వెలోసెట్ స్టార్ట్ చేయడానికే ఒక నేర్పు కావాలి, విన్సెంట్‌కైతే ఇల్లు తాకట్టు పెట్టాలి.

ఇక మీ అసలు ప్రశ్నకి వద్దాం, మోజేనా అన్నదానికి.

ఇక్కడ ఆదివారం పూట డేల్స్‌లో మీకు కనబడే పాత బండ్లవాళ్లలో చాలామంది డెబ్భై దాటినవాళ్లు. వాళ్లు గుర్తు చేసుకునేది తమ కుర్రతనాన్ని. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది, అది మనకి బయటి నుంచి కనబడదు. బీఎస్ఏ బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్‌లో, నార్టన్ అదే ఊళ్లో బ్రేస్‌బ్రిడ్జ్ స్ట్రీట్‌లో, వెలోసెట్ హాల్ గ్రీన్‌లో, ఏరియల్ సెల్లీ ఓక్‌లో తయారయ్యేవి. ట్రయంఫ్ కొవెంట్రీ ఫ్యాక్టరీ 1940 నవంబరు బాంబుదాడిలో పోయాక పక్కనే మెరిడెన్‌కి మారింది. ఎన్‌ఫీల్డ్ రెడిచ్‌లో. ఒక పూట బండి తోలితే చుట్టి రాగలిగినంత మేరలో ప్రపంచానికంతటికీ మోటార్‌సైకిళ్లు వెళ్లేవి. 1969లో నాలుగు సిలిండర్లు, ముందు డిస్క్ బ్రేకు, బటన్ స్టార్టుతో హోండా సీబీ750 వచ్చేసరికి ఇక్కడి కంపెనీల పని అప్పటికే అయిపోవచ్చింది. 1971లో వెలోసెట్ మూతపడింది. 1973కల్లా బీఎస్ఏ చేతులెత్తేసింది. మెరిడెన్‌ని కార్మికులే సహకార సంఘంగా పెట్టుకుని 1983 వరకు లాక్కొచ్చారు. పెట్రోల్ బంకులో మీ బండి దగ్గరకొచ్చి ట్యాంకు మీద చెయ్యివేసే పెద్దాయన బండిని చూసి మురిసేవాడే కావచ్చు, మా నాన్న అక్కడ పనిచేసేవాడు అని చెప్పేవాడూ కావచ్చు. అలాంటప్పుడు బండి దిగి, హెల్మెట్ తీసి, ఆయన మాట పూర్తయ్యేవరకు వినండి. ఈ బండి తోలేవాళ్లకి అది కూడా పనిలో భాగమే.

మనకి వాళ్ల 1950లు లేవు. మన చెవుల్లో ఉన్నది వేరు. ఊళ్లోకి ఎస్ఐగారు వస్తున్నారని బుల్లెట్ చప్పుడే ముందు చెప్పేది. మా వైపైతే కాలవ గట్టు మీద, ఒక పక్క కొబ్బరి తోటలు, ఒక పక్క నీళ్లు, ఆ చప్పుడు వంతెన దాటి రావడం ఇంట్లోంచే తెలిసేది. ఆ ఇంజిన్ ఎక్కడిదంటే ఇక్కడిదే. సరిహద్దుల్లో గస్తీకి మన సైన్యానికి బండ్లు కావలసివచ్చాక, 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట విడిభాగాలు ఇక్కడి నుంచి వెళ్తే అక్కడ బిగించేవారు, తర్వాత మొత్తం తిరువొత్తియూరులోనే తయారుచేయడం మొదలైంది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మద్రాసులో మాత్రం అదే 350 ఇంజిన్, పెద్దగా మార్పుల్లేకుండా, ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి తయారవుతూ వచ్చింది. 1977 నుంచి అక్కడి బండ్లు ఈ దేశానికే ఎగుమతి కూడా అయ్యాయి.

కాబట్టి మీకు కలిగేది అరువు తెచ్చుకున్న జ్ఞాపకం అని మొహమాటపడకండి. మీ నాన్నగారి బండి తాతముత్తాతలు పుట్టిన ఊరు మీ ఇంటికి కారులో మూడు గంటల లోపే. ఆ చప్పుడు మీద మీకున్న హక్కు ఇక్కడివాళ్ల హక్కుకి ఏమాత్రం తీసిపోదు. కానీ జ్ఞాపకం ఒక్కటే బండిని పదేళ్లు నడిపించలేదు. నడిపించేది ఆ రోడ్డు మీద ఆ వేగంలో దొరికే పని, చేతులకీ కాళ్లకీ చెవులకీ దొరికే పని. అది జ్ఞాపకాలు లేనివాళ్లకి కూడా నచ్చుతుంది. బోల్టన్‌లో పుట్టి పెరిగిన మా పక్కింటి అమ్మాయికి పాత బండ్ల గురించి ఏమీ తెలియదు, ఒకసారి నడిపి చూసి మరుసటి ఏడాదే ఒక ఏజేఎస్ కొనుక్కుంది.

బ్రిటిష్ బండే కావాలన్న పట్టుదల లేకపోతే, ఇక్కడ దొరికే మద్రాసు బుల్లెట్ కూడా చూడండి. 1980ల్లో వచ్చినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి, పాత బీఎస్ఏ కంటే చవక, పార్టులు తేలిగ్గా దొరుకుతాయి. మిడ్‌లాండ్స్‌లో డాక్టరుగా ఉన్న విజయవాడ ఆవిడకి అలాంటిదే చూసిపెట్టాను. ష్రాప్‌షైర్ సందుల్లో ఆవిడ ఆ బండి మీద తిరిగినంతగా నాకు తెలిసిన బోనెవిల్ ఏదీ తిరగలేదు.

స్టార్ట్ చేసే పద్ధతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు బెదిరేది అక్కడే. బుల్లెట్‌కి డీకంప్రెషన్ లివర్ నొక్కి, ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యలోకి వచ్చేదాకా కిక్ రాడ్డు నెమ్మదిగా దింపి, తర్వాత తన్నడం మీ నాన్నగారు చేస్తుండగా చూసే ఉంటారు. 1955 బీ31కి ఆ ముల్లు పనికిరాదు, దానికి స్పార్క్ ఇచ్చేది బ్యాటరీ కాదు, ఇంజిన్‌తో తిరిగి తానే కరెంటు పుట్టించే మాగ్నెటో. కాలితోనే తెలుసుకోవాలి.

పెట్రోల్ ట్యాప్ తిప్పండి. అమల్ కార్బొరేటర్ పక్కన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే కాసేపటికి పెట్రోల్ చెమ్మ వేళ్లకి తగులుతుంది. తగలగానే వదిలేయాలి. చలిగా ఉంటే ఎయిర్ లివర్ మూయండి. ఎడమ చేతి వైపు ఇగ్నిషన్ లివర్‌ని కొంచెం రిటార్డ్ చేయండి, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా పెట్టండి, చేయకపోతే కిక్ రాడ్డు వెనక్కి తన్ని మోకాలు పట్టేస్తుంది. ఇప్పుడు కిక్ రాడ్డుని ఒత్తితే ఒకచోట గోడకి తగిలినట్టు ఆగుతుంది, అది కంప్రెషన్. బుల్లెట్ డీకంప్రెషన్ లివర్ లాంటి వాల్వ్ లిఫ్టర్ పట్టుకుని ఆ ఆగిన చోటు నుంచి వేలెడంత దాటించండి. లిఫ్టర్ వదలండి, రాడ్డు పైకి రానివ్వండి. థ్రాటిల్ ముట్టుకోకుండా, ఒళ్లు బరువు మొత్తం వేసి కిందిదాకా ఒకే ఊపులో తొక్కండి. కోపంగా తన్నకూడదు, పూర్తిగా తొక్కాలి. సరిగ్గా సర్దిన ఇంజిన్ ఒకటి రెండు తొక్కులకి అందుకుంటుంది. అందుకున్నాక ఇగ్నిషన్ లివర్ అడ్వాన్స్ చేస్తే, గునుస్తున్న చప్పుడు ఒక్కసారిగా సర్దుకుని గుండ్రంగా వినబడుతుంది. ఆ తేడా చెవికి పట్టిన రోజు నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లివర్‌ని ఎంత వెనక్కి లాగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు లీడ్స్ నుంచే కాబట్టి దారి కూడా చెబుతాను. పొద్దున్నే ట్రాఫిక్ లేకముందు ఏ660 మీద ఆట్లీ, అక్కడి నుంచి ఇల్క్‌లీ, ఆడింగ్‌హామ్. అక్కడ బీ6160 ఎక్కండి. బోల్టన్ ఆబీ దాటాక రోడ్డు వార్ఫ్ నది వెంట పైకి పోతూనే ఉంటుంది. కిల్న్సీ దగ్గర సున్నపురాయి కొండ రోడ్డు పక్కన ముందుకి వంగి ఉంటుంది, దాని కింద నుంచి వెళ్తున్నప్పుడు మన ఇంజిన్ చప్పుడు తిరిగి మనకే వినబడుతుంది. కెటిల్‌వెల్, బక్‌డెన్ వరకు తొందరపడే పని లేదు. బక్‌డెన్‌లో ప్రధాన రోడ్డు వదిలి ఎడమకి, హబ్బర్‌హోమ్ వైపు తిరగండి. ఇక్కడ రోడ్డు ఒక కారు పట్టేంతే. వార్ఫ్ ఇక్కడ చిన్న ఏరు, పలకరాళ్ల మీద నుంచి పారుతూ పక్కనే వస్తుంది. మే నెలలో గొర్రెపిల్లలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, హారన్ కొట్టినా లేవవు. క్లచ్ పట్టి ఆగితే వాటికే విసుగొచ్చి లేస్తాయి.

తర్వాత ఫ్లీట్ మాస్ ఎత్తు. 589 మీటర్లు, యార్క్‌షైర్‌లో రోడ్డు ఎక్కే అతి ఎత్తైన చోట్లలో ఒకటి. మూడో గేర్లో మొదలుపెట్టి, ఇంజిన్ బరువెక్కుతుంటే లివర్ కొద్దిగా రిటార్డ్ చేసి, ఇంకా బరువెక్కితే రెండో గేరు. ఆ పెట్టెలో గేరు మార్చడానికి తొందర పనికిరాదు. క్లచ్ పట్టి, మధ్యలో ఒక క్షణం ఆగి, అప్పుడు కాలు కదపాలి. తొందరపడితే కర్రుమంటుంది, ఆగితే వెన్నలా పడుతుంది. ఎక్కుతుండగా స్మిత్స్ స్పీడోమీటరు చూడండి. దాని ముల్లు నున్నగా జారదు, లోపల గడియారం లాంటి యంత్రం ఉండి క్షణక్షణానికీ ఒక్కో గెంతు వేస్తుంది. 25, 24, 22. కంచెలు పోయి చిత్తడి నేల మొదలవుతుంది, గాలి మారుతుంది, చెవుల్లో ఇంజిన్ ఒక్కో దెబ్బా విడివిడిగా లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా బండి పైకి వెళ్తుంది. కొత్త బండి మీద ఇదే ఎత్తుని నిమిషంలో దాటేస్తాం, దాటామని కూడా తెలియదు. మీరు అడిగిన ఆనందం ఎక్కడుంటుందంటే నేను చూపించేది ఆ చోటే.

దిగితే హాస్. టీ తాగి, బీ6255 మీద 24 కమానుల రిబుల్‌హెడ్ రైలు వంతెన పక్క నుంచి ఇంగిల్టన్, ఓపిక ఉంటే కర్క్‌బీ లాన్స్‌డేల్. అక్కడ డెవిల్స్ బ్రిడ్జ్ దగ్గర ఆదివారాలు బైకులవాళ్లు చేరతారు. ఏ బండికి ఏ పార్టు ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడిగితే నెట్‌లో వారం వెతికే పని తప్పుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి బెదిరించడానికి రాయడం లేదు, ప్రాణం మీదకి తెచ్చుకోకూడదని రాస్తున్నాను.

కాళ్లు తారుమారు. పాత బ్రిటిష్ బండ్లలో గేరు కుడికాలు, బ్రేకు ఎడమకాలు. ఎడమ గేరు అందరికీ వచ్చింది 1970ల మధ్యలో. కొన్నిటికి మొదటి గేరు పైకి, కొన్నిటికి కిందికి. మామూలుగా తోలేటప్పుడు రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఏ కుక్కో అడ్డం వచ్చినప్పుడే పాత అలవాటు బయటికొచ్చి బ్రేకు అనుకుని గేరు తొక్కుతాం. ఖాళీ సందులో కావాలని గట్టి బ్రేకులు వేస్తూ సాధన చేయండి. రోజూ ఎడమ గేరు బండి తోలే అలవాటుంటే రెట్టింపు జాగ్రత్త.

డ్రమ్ బ్రేకులు. పొడిగా ఉన్నప్పుడు పనిచేస్తాయి, ఈనాటి డిస్కులా మాత్రం కాదు. దూరం ఉంచుకోవాలి, దిగుడులో ఇంజిన్‌తోనే ఆపుకోవాలి. తడిచెట్ల కింద రోడ్డు మధ్యాహ్నమైనా ఆరదు. సైలేజి, అంటే పశువులకి నిల్వ చేసే పచ్చిమేత, కోసే రోజుల్లో ట్రాక్టర్లు మలుపుల్లో బురద వదిలిపోతాయి. పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసే ఇనుప కమ్మీలు తడిస్తే జారతాయి, వాటి మీద బండి నిటారుగా ఉండాలి, బ్రేకు ముట్టుకోకూడదు. గుర్రాలు ఎదురైతే 10 మైళ్లకి దిగి, కనీసం 2 మీటర్లు ఎడం ఇచ్చి వెళ్లాలి. ఆరు వోల్టుల హెడ్‌లైట్ వెలుగుని నమ్ముకుని రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ఇండికేటర్లుండవు, చెయ్యి చూపిస్తే ఇప్పటి కారువాళ్లలో చాలామందికి అర్థం కాదు, వెనకవాడు నెమ్మదించాడని చూసుకున్నాకే తిరగండి.

పెట్రోల్ విషయంలో, 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ అంటే ఈ10. అందులో ఇథనాల్ ఎక్కువ, పాత రబ్బరు పైపుల్ని, కార్బొరేటర్ లోపలి భాగాల్ని తినేస్తుంది. సూపర్ అన్‌లెడెడ్, అంటే ఈ5 పోయించండి. చలికాలం బండి పక్కన పెట్టేటప్పుడు కార్బొరేటర్ ఖాళీ చేయండి. ఆ నెలల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది బండికి విషం. వసంతంలో రెండు మంచి వానలు పడి రోడ్డు కడుక్కుపోయాకే బయటికి తీయండి.

నెలలు కదలకుండా నిలబెట్టిన బండికి ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా కారి ఇంజిన్ అడుక్కి చేరుతుంది. ట్యాంకు ఖాళీ అయిందని కంగారుపడి పైన ఇంకా పోసేవాళ్లున్నారు, అప్పుడు స్టార్ట్ చేస్తే ప్రతి సందులోంచీ ఆయిలే. కింద నట్టు విప్పి దిగిన ఆయిల్‌ని తీసేయండి, తర్వాత ట్యాంకు నింపండి. అలాగే పానాలు. ఈ బండ్ల నట్లు విట్‌వర్త్ కొలతలు, మన మెట్రిక్ పానాలు వాటికి పట్టవు. దగ్గరగా ఉందికదా అని వేరే పానా బిగిస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఒక విట్‌వర్త్ సెట్టు బండితో పాటే కొనేయండి.

కాగితాలు మీరు భయపడేంత కష్టం కాదు. 40 ఏళ్లు దాటిన బండి హిస్టారిక్ కింద నమోదైతే రోడ్ టాక్స్ లేదు, పెద్ద మార్పులు చేయనిదైతే ఎంఓటీ, అంటే బండి ఫిట్‌నెస్ పరీక్ష, కూడా తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా ఎంఓటీ చేయిస్తాను, ఇంకో మనిషి కళ్లతో బ్రేకులు, స్టీరింగు చూడటం మంచిది. లైసెన్సు సంగతి: ఇక్కడ స్థిరపడ్డ 12 నెలల తర్వాత ఇండియా లైసెన్సు చెల్లదు, సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ పూర్తిచేసి, థియరీ, రెండు మాడ్యూళ్ల డ్రైవింగ్ పరీక్ష ఇక్కడే పాసవ్వాలి. బీ31 శక్తి తక్కువ కాబట్టి మధ్యరకం శక్తి బండ్లకిచ్చే ఏ2 లైసెన్సు మీదే తోలొచ్చు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు బండి విలువ ముందే ఒప్పుకునే పాలసీ అడగండి.

ఇక బండి ఎక్కడ వెతకాలంటే, 1946లో మొదలైన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్‌లో ముందు సభ్యత్వం తీసుకోండి. వాళ్ల దగ్గర పాత ఫ్యాక్టరీ రికార్డులున్నాయి, ఏ నంబరు బండి ఏ ఏడాదిదో చెబుతారు. స్టాఫర్డ్‌లో ఏప్రిల్, అక్టోబరుల్లో జరిగే పెద్ద క్లాసిక్ షోకి వెళ్లి ఒక రోజంతా తిరగండి, కానీ మొదటిసారి జేబులో డబ్బు పెట్టుకుని వెళ్లకండి. బండ్లన్నీ ఒకచోట చూశాక, మీ ఎత్తుకి, బరువుకి ఏది కుదురుతుందో మీకే తెలుస్తుంది. వీలైతే బర్మింగ్‌హామ్ పక్కన బికెన్‌హిల్‌లోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం కూడా చూడండి, వరసగా నిలబెట్టిన ఆ బండ్లను చూస్తే నేను పైన చెప్పిన ఊళ్ల పేర్లకి ప్రాణం వస్తుంది.

అమ్మేవాడి ఇంటికి వెళ్లేముందు ఫోన్ చేసి "మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే సిలిండర్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ ఎన్ని తొక్కులకి అందుకుంటుందో మీకు తెలియకుండా చేశారన్నమాట. స్టార్టయ్యాక ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడండి, తిరిగొచ్చే పైపులోంచి ఆయిల్ వదిలి వదిలి పడుతుండాలి. ముందు చక్రం పట్టుకుని ఊపి చూడండి, హ్యాండిల్ దగ్గర టకటక వినిపిస్తే బేరింగులు పోయాయి. రంగు ఎలా ఉందన్నది చివర చూడండి. పెయింటు పోయి, మరకలతో ఉన్నా ప్రతి ఆదివారం తిరిగే బండి, షోరూమ్‌లా మెరుస్తూ మూడేళ్లుగా కదలని బండి కంటే ఎన్నో రెట్లు మేలు.

ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు, వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న నంబరు మూడూ ఫోటో తీసుకోండి. డబ్బు కట్టకముందు నంబర్లలో ఏదైనా తేడా కనబడితే ఇక్కడే కింద రాయండి, ఏ ఏడాది ఫ్రేములో ఏ ఏడాది ఇంజిన్ ఉందో చూసి చెబుతాను. ఆ వివరం తెలిశాకే బేరం మొదలుపెట్టండి.